మూడు చుక్కల వెనక కవిగారు

సాయంత్రం 4 గంటల 5 నిమిషాలకు ‘అప్‌డేట్’ అన్నారు. నాలుగు కాదు, నాలుగుంబావు కాదు. సరిగ్గా 4:05. పెళ్ళి ముహూర్తానికైనా పంతులుగారు ఐదు నిమిషాలు అటూ ఇటూ సర్దుకుంటారు. వీళ్ళు సర్దుకోరు. సరే, పని మానుకుని కూర్చున్నాను. 4:05కి ఏమొచ్చింది? ఒక పోస్టరు. పోస్టరులో ఏముంది? రేపు ఉదయం 11:07కి ప్రోమో వస్తుందని ఉంది. ప్రోమోలో ఏముంది? అర నిమిషం పాటు హీరోగారి వీపు ఉంది. చివర్న, అసలు పాట ఎల్లుండి వస్తుందని ఉంది.

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఎల్లుండి కూడా వచ్చింది. పాటా వచ్చింది. అది ‘ఫస్ట్ సింగిల్’. ఇలాంటి సింగిళ్ళు ఇంకో ఐదు, రెండు మూడు వారాలకొకటి చొప్పున, కార్పొరేషన్ కుళాయి నీళ్ళలా వదులుతారు. అన్నీ వదిలేశాక వాటినే ఒక వరసలో గుచ్చి ‘జ్యూక్‌బాక్స్’ అంటారు. ఇదీ ఇప్పుడు మనకు దక్కుతున్న ఆల్బమ్. ఆరు పాటలు అని చెబుతారు. విప్పి చూస్తే పాటలు మూడు. ఒకటి థీమ్ మ్యూజిక్కు. ఒకటి ముందు పాటనే నీరసంగా పాడించిన ‘రిప్రైజ్’. ఆరోది హీరోగారి పేరును నలభై సార్లు అరిపించిన కేకల కచేరీ.

నేను పాటల పిచ్చివాణ్ణి. తెనాలిలో సినిమా హాలు బయట అర్ధరూపాయి పెట్టి పాటల పుస్తకం కొనుక్కున్న కాలం నుంచీ ఈ పిచ్చి ఉంది. ఇన్నేళ్ళలో కొత్త పాటల్ని ఎప్పుడూ తిట్టలేదు. మా నాన్నకు మా కాలం పాటలు గోల. మా తాతకు మా నాన్న పాటలు గోల. ఆ పాత పాట నేను పాడను. నా గొడవ వేరు. ఈ ఏడాది వచ్చిన ఆల్బములన్నీ వరసబెట్టి విన్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అన్యాయం చేయకూడదని ఒక్కొక్కటీ మూడేసి సార్లు. విన్నాక నాకు ఒకే ప్రశ్న మిగిలింది.

ఇవి రాసిందెవరు?

నవ్వకండి. చెప్పండి చూద్దాం. మీరు ఈ వారం పదిసార్లు విన్న పాట ఎవరు రాశారు? హీరో పేరు తెలుసు. స్టెప్పు తెలుసు. ఆ స్టెప్పులో ఏ చొక్కా వేశాడో తెలుసు. రాసినవాడి పేరు? తెలీదు కదూ. తప్పు మీది కాదు. మీకు తెలియకుండా ఉండటానికి పెద్ద ఏర్పాటే జరిగింది.

ముందు ఆ ‘లిరికల్ వీడియో’ సంగతి చూద్దాం. లిరిక్ అంటే సాహిత్యం. లిరికల్ అంటే సాహిత్యం చూపించేది. అబ్బో, ఎంత సాహిత్యాభిమానం! తెరిచి చూడండి. తెలుగు పాట. తెలుగు సినిమా. తెలుగు నిర్మాత. తెర మీద ఎగురుతూ, తిరుగుతూ, నిప్పులు కక్కుతూ వచ్చే ప్రతి అక్షరమూ ఇంగ్లీషు! తెలుగు లిపిలో వేసేవాళ్ళు ఎక్కడో కొందరున్నారు, వాళ్ళకు నా దండం. మిగతావాళ్ళకు తెలుగు అక్షరం వేస్తే స్క్రీను పగులుతుందేమోనని భయం.

మొన్న మా అమ్మాయి అలాంటిదొకటి చూస్తూ నన్ను పిలిచింది. “నాన్నా, ఈ హీరో హీరోయిన్ వాళ్ళమ్మ కోసం ఎందుకు వెయిట్ చేస్తున్నాడు?”

వెళ్ళి చూశాను. తెర మీద ఎం, ఏ, టీ, ఏ. నాలుగే ఇంగ్లీషు అక్షరాలు. మాటా? మాతా? మతమా? మఠమా? పిల్ల మాత అనుకుంది. “కాదమ్మా, నీ మాట కోసం అంటున్నాడు” అన్నాను.

“మరి అలా రాయొచ్చుగా?”

“ఎలా?”

“తెలుగులో!”

ఎనిమిదో తరగతి పిల్లకు తట్టింది. కోట్లు పోసి పాటలు కొనే ఆడియో కంపెనీలకు తట్టలేదు. యాభై ఆరు అక్షరాల భాషను ఇరవై ఆరింట్లో కుక్కితే మాట కాస్తా మాత అవుతుందని చెప్పడానికి భాషా శాస్త్రవేత్త కావాలా?

ఇదే సంస్థలు, ఇదే హీరోలు, ఆగస్టు 29న ఏం చేస్తారో గమనించారా? గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి. తెలుగు భాషా దినోత్సవం. పొద్దున్నే పోస్టు. తెలుగు తీయదనం, అమ్మ భాష, తేనె, పనసతొనలు, కృష్ణదేవరాయలు, అన్నీ. ఆ ఒక్కరోజూ తెలుగు కీబోర్డు పనిచేస్తుంది. ముప్పయ్యో తారీఖున ఇంకో లిరికల్ వదులుతారు. ఎం, ఏ, టీ, ఏ. కీబోర్డు మళ్ళీ మూలపడింది కాబోలు.

తెర మీద అలా ఉంటే ఉండనీ, చెవికైనా తెలుగు వినిపిస్తుందా అని కళ్ళు మూసుకున్నాను. గాయకుడు ఎత్తుకున్నాడు. గొంతు బాగుంది. నిజంగా బాగుంది. పట్టులా జారుతోంది. ఆమె కళ్ళను పొగుడుతున్నాడు. కానీ ‘ళ’ రాదు. వచ్చింది ‘ల’. కళ్ళు కాస్తా కల్లు అయ్యాయి. నాలుగు నిమిషాల ప్రేమ పాటలో ఆ అబ్బాయి ఆమె కల్లు కోసం తపించిపోయాడు. ఇదేం పాటండీ, ఎక్సైజు శాఖ వారిదా? పెళ్ళి పెల్లి అయింది. గుళ్ళో అన్న మాట గుల్లో అయింది. ణ అనే అక్షరం ఒకటుందని ఆ స్టూడియోలో ఎవరికీ గుర్తులేదు. అడిగితే రెడీమేడ్ జవాబు: “ఫీల్ చూడండి సార్, ఫీల్.” ఫీల్ చూశాం బాబూ. భాష కూడా కొంచెం చూపించు.

గాయకుణ్ణి తిట్టి లాభం లేదు. అతనిది ఏ ఊరో. అతనికి పాట ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఫోనుకు పంపుతారు. అతను ముంబయిలో ఒక గదిలో పాడతాడు. సంగీత దర్శకుడు ఇంకో ఊళ్ళో వింటాడు. రాసినాయన ఎక్కడున్నాడు? ఇంట్లో. పాట విడుదలయ్యాకే ఆయనా వింటాడు, మనతో పాటే. ఒకప్పుడు మద్రాసు ప్రసాద్ స్టూడియోలోనో, ఏవీఎంలోనో వాద్యగాళ్ళందరూ కూర్చుని వాయిస్తుంటే, పాట రాసినాయన అద్దం అవతల నిలబడి ‘ళ’ దగ్గర చెయ్యెత్తేవాడు. ‘మళ్ళీ పాడండి’ అనేవాడు. మళ్ళీ పాడేవారు. ఇప్పుడు చెయ్యెత్తేవాడికి గదిలో చోటు లేదు.

ఇందులో ఇంకో దుర్మార్గం దాగి ఉంది. పరిశ్రమలో అందరికీ తెలుసు, బయట ఎవరూ మాట్లాడరు. బాణీ కట్టగానే దాన్ని ముందు ఒక తెలుగు కుర్రాడితోనో, అమ్మాయితోనో పాడిస్తారు. దాన్ని ట్రాక్ అంటారు. ఆ కుర్రాడు ళ, ణ, ఒత్తులు, పొల్లులు అన్నీ శుభ్రంగా పలుకుతాడు. ఆ ట్రాక్ వినే పెద్ద గాయకుడు పాట నేర్చుకుంటాడు. తర్వాత కుర్రాడి గొంతు చెరిపేస్తారు. పాఠం చెప్పినవాడు వీధిలో, తప్పుగా అప్పజెప్పినవాడు వేదిక మీద. తెలుగు పలికే తెలుగు గొంతుకు విలువ రాదనుకుంటున్నారేమో? ‘బేబీ’లో పాటకు పీవీఎన్‌ఎస్ రోహిత్‌కు 2025లో జాతీయ అవార్డు ప్రకటించారు. ఢిల్లీలో కూర్చున్న జ్యూరీకి వినిపించిన తెలుగు, ఫిల్మ్‌నగర్‌కు వినిపించదా?

ఇప్పుడు పాటలో ఏముందో చూద్దాం. ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ. ముందు సంగీతం లేదు. పల్లవికీ చరణానికీ మధ్య, ఇళయరాజా పాటల్లోనైతే వయొలిన్లు ఒక కథ చెప్పేవి చూడండి, అది లేదు. రెండో చరణం లేదు. కొన్నింటికి మొదటి చరణమూ లేదు. పల్లవే నాలుగుసార్లు. ఎందుకిలా? కవులకు రాయడం రాకనా? సంగీత దర్శకులకు కట్టడం రాకనా? కాదు. స్పాటిఫైలో ఒక పాటను మీరు 30 సెకన్లు వింటేనే విన్నట్టు లెక్క. ముప్పయ్యో సెకనుకు ముందే వేలు జారితే పైసా లేదు. అందుకని మొదటి సెకనులోనే మీ చొక్కా పట్టుకోవాలి. వయొలిన్లతో మర్యాదగా తలుపు తట్టే తీరిక ఎవరికుంది? తలుపు బద్దలుకొట్టుకుని రావడమే. పైగా ఐదు నిమిషాల పాట విన్నా ఒక్క లెక్కే, రెండున్నర నిమిషాల పాట విన్నా ఒక్క లెక్కే. అలాంటప్పుడు రెండో చరణం రాయించేవాడు పిచ్చివాడు కాదూ?

బద్దలు అంటే గుర్తొచ్చింది. ప్రీ రిలీజ్ ఈవెంట్లలో ప్రతి సంగీత దర్శకుడూ ఇచ్చే హామీ ఒకటుంది. స్పీకర్లు బద్దలైపోతాయట. థియేటర్లు తగలబడిపోతాయట. బాబూ, మేం పాట వినడానికి వస్తున్నాం. అగ్నిమాపక శాఖ వాళ్ళం కాదు. అసలు విషాదమేమిటంటే, అంత కష్టపడి మోత పెంచినా అది మన ఫోను దాకా రాదు. యాప్‌లు ప్రతి పాట సగటు మోతనూ కొలుస్తాయి. స్పాటిఫై అయితే మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే గీత దగ్గరకు తెచ్చి నిలబెడుతుంది. ఎక్కువ అరిచినవాడి నోరు అదే నొక్కేస్తుంది. మిగిలేదేమిటి? ఎత్తుపల్లాలన్నీ చదును చేసిన, ఊపిరాడని ఒక గోడ. గుసగుసా అదే మోత, గావుకేకా అదే మోత. తబలా ఎక్కడ, తంబుర ఎక్కడ, గొంతు ఎక్కడ? మాట ఎక్కడ? హెడ్‌ఫోన్లు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాను. లోపం నా హెడ్‌ఫోన్లది కాదు.

ఈవెంట్ సంగతి కూడా చెప్పుకోవాలి. నాలుగు గంటల కార్యక్రమం. హీరోగారి గురించి మూడు గంటలు. ఆయన నాన్నగారి గురించి అరగంట. అభిమానులు క్షేమంగా ఇంటికెళ్ళాలనే సూక్తి ఐదు నిమిషాలు. పాటల పండగే కదా అది? పాట రాసినాయన ఎక్కడ? కెమెరా అటూ ఇటూ ఊగుతుంటే మూడో వరసలో కనిపించాడు. పూలగుచ్ఛం తన దాకా రాకముందే అయిపోయింది. యాంకరమ్మ ఆయన్ను పిలిచింది. ‘రెండు నిమిషాలే సార్’ అంది. ఆయన ఆ రెండు నిమిషాలూ హీరోగారినే పొగిడాడు. ఏం చేస్తాడు పాపం, వచ్చే సినిమాకు కూడా రాయాలిగా!

మర్నాడు ఇంకో పోస్టరు. 24 గంటల్లో ఇన్ని కోట్ల వ్యూలు. రికార్డు. చరిత్ర. ఇంతమంది చూశారా? నిజంగా? 2019లో బాద్షా పాట ‘పాగల్’కు ఒక్క రోజులో 7.5 కోట్ల వ్యూలు వచ్చాయని ప్రపంచ రికార్డు ప్రకటించుకున్నారు. తీరా చూస్తే ప్రకటనలకు డబ్బు కట్టి తెచ్చుకున్నవి అందులో ఉన్నాయి. ఆయనే ఒప్పుకున్నాడు. ఆ సెప్టెంబరులోనే యూట్యూబ్, ఇకపై కొన్న వ్యూలు 24 గంటల రికార్డుకు చెల్లవని రూలు పెట్టింది. అయినా మన పోస్టర్లు ఆగాయా? మీరు వంటల వీడియో చూడబోతే ముందు ఐదు సెకన్లు అడ్డొచ్చే ప్రకటన కూడా ఈ పాటే కదా? ‘స్కిప్’ నొక్కే లోపల మీరు వింటున్నది ఏమిటనుకుంటున్నారు? చరిత్ర!

హామీకీ ఆచరణకూ మధ్య ఎంత దూరముందో కొలవాలంటే 2025 సంక్రాంతికి వచ్చిన ‘గేమ్ ఛేంజర్’ చాలు. పాటల చిత్రీకరణకే 75 కోట్లు అయ్యాయని వార్తలు. అందులో ‘నానా హైరానా’ను ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో తీశామని చాటింపు. ఆ పాట రామజోగయ్య శాస్త్రి రాశారు, కార్తీక్, శ్రేయా ఘోషల్ పాడారు. చక్కటి పాట. నేనూ ఇష్టపడ్డాను. జనవరి 10న జనం టికెట్లు కొనుక్కుని వెళ్ళారు. తెర మీద ఆ పాటే లేదు! సాంకేతిక సమస్యట. 14 నుంచి కలుపుతామన్నారు. అంటే పండగకు పిలిచి, విస్తరి వేసి, పప్పూ కూరా వడ్డించి, బొబ్బట్లు మాత్రం నాలుగు రోజుల తర్వాత వచ్చి తినండి అన్నట్టు. మళ్ళీ టికెట్టు కొనుక్కుని సుమా! ఇంకా ఉంది. పాటలకు సరైన హుక్ స్టెప్పు పడకపోవడమే లోటైందని ఆ సినిమా సంగీత దర్శకుడే తర్వాత వాపోయారు. స్వరం కట్టినాయనే పాట భారం నడుం మీద పెట్టాక, మాట గురించి అడగడానికి మనమెవరం?

ఆ నడుం దగ్గరికే వద్దాం. హుక్ స్టెప్పు అంటే రీలుకు పనికొచ్చే స్టెప్పు. 2020 జూన్‌లో టిక్‌టాక్ పోయింది, జూలైలో రీల్స్ వచ్చింది. అప్పట్నుంచి మన పాటకు యజమాని మారాడు. ముందు స్టెప్పు అనుకుంటారు, దానికి తగ్గ దరువు వేస్తారు, దరువుకు తగ్గ కూత కూయిస్తారు. కవిగారికి ఫోను చేసి ‘ఇక్కడ ఒక పట్టుపదం పడేయండి సార్, అర్థం లేకపోయినా పర్లేదు’ అంటారు. ఆయన పడేస్తాడు. ఆ పట్టుపదానికి పట్టిన స్టెప్పులు ఎక్కడిదాకా వెళ్ళాయంటే, ఆడవాళ్ళను కించపరిచే నాట్యాలు మానుకోండని 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషనే సినిమావాళ్ళను హెచ్చరించాల్సి వచ్చింది. స్త్రీ అంటే తల్లి, చెల్లి, దేవత అని మహిళా దినోత్సవం నాడు వీళ్ళు పెట్టిన పోస్టుల తడి అప్పటికింకా ఆరలేదు. అదే మార్చి కదా!

ఇక పాన్ ఇండియా. ఒకే బాణీ, ఐదు భాషలు. మాట ఏదైనా ఒకటే మూట. హిందీ పెదాల కదలికకు సరిపోయేలా తెలుగు పాట రాయాలి. యతి పోయింది, ప్రాస పోయింది, అర్థం ఆటోలో పోయింది. మనకు మిగిలింది లైఫు, వైఫు, వైఫై. అడిగితే ఏమంటారు? ‘దేశమంతా చేరాలంటే తెలుగు తగ్గించుకోవాలి సార్’.

అవునా? అయితే ఈ లెక్క చెప్పండి. ‘ఆర్ఆర్ఆర్’ పాట కూడా ఐదు భాషల్లో వచ్చింది. హిందీలో నాచో నాచో అన్నారు. ఆస్కార్ ఏ భాష పాటకొచ్చింది? అచ్చ తెలుగు నాటుకొచ్చింది! 2023 మార్చిలో లాస్ ఏంజెలిస్ వేదిక మీదికి ఎవరిని పిలిచారు? హీరోలనా? దర్శకుణ్ణా? నిర్మాతనా? స్వరం కట్టిన కీరవాణినీ, మాట రాసిన చంద్రబోస్‌నూ. ఆ అవార్డు ఆ ఇద్దరిదే. అమెరికా వాళ్ళ నియమం అది. పాట అంటే వాళ్ళకు స్వరమూ, మాటా. మన ఊళ్ళో ఫ్లెక్సీల మీద ఎవరున్నారో మీరు చూశారు. కార్పొరేటర్ల ఫొటోలు కూడా ఉన్నాయి. చంద్రబోస్‌గారి ఫొటో ఉన్న ఫ్లెక్సీ మీ వీధిలో కనపడిందా? ఆస్కార్ తెచ్చిన ఆయన తన ఊరు చల్లగరిగలో గ్రంథాలయం కట్టించారు. తెలుగు పుస్తకాలతో. తెలుగు అక్షరాలతో.

అదే మార్చి 3న ‘బలగం’ అనే చిన్న సినిమా వచ్చింది. అందులో కాసర్ల శ్యామ్ పల్లెటూరి మీద రాసిన పాటకు తర్వాత జాతీయ అవార్డు వచ్చింది. 4:05 ముహూర్తాలు, కోట్ల కెమెరాలు ఉన్న సినిమా కాదది. తెలుగు పాట సాహిత్యానికి ఈ గౌరవం తెచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది. శ్రీశ్రీ, వేటూరి, సుద్దాల అశోక్‌తేజ, చంద్రబోస్, ఇప్పుడు శ్యామ్. ఐదు పేర్లు. ఐదో వేలు మొన్నే మడిచాం.

ఇప్పుడు నా మొదటి ప్రశ్నకు వస్తాను. రాసిందెవరు? ఒక యాప్‌లో వెతికాను. పేరు చెప్పను, ఏది తీసినా ఒకటే తంతు. పెద్ద అక్షరాల్లో సినిమా పేరు. కింద ఆర్టిస్టులు. సంగీత దర్శకుడు, ఇద్దరు గాయకులు. కవి లేడు. పక్కన మూడు చుక్కలున్నాయి. నొక్కాను. పది రకాల సేవలు వచ్చాయి. షేర్ చేసుకోండి, క్యూలో పెట్టుకోండి, నిద్రపోయే టైమరు పెట్టుకోండి. కిందికి జరిపాను. ఇంకా కిందికి. ‘క్రెడిట్స్’. నొక్కాను. అప్పుడు కనిపించాడు మహానుభావుడు, బూడిదరంగు అక్షరాల్లో, తన పేరులో ఒక అక్షరం తప్పుతో. ఇంకో పాటకు వెళ్ళాను. అక్కడ రాసినవారి చోట సంగీత దర్శకుడి పేరే ఉంది. మూడో పాటకు ఆడియో కంపెనీ పేరుంది. కంపెనీ పాట రాసింది! లిమిటెడ్ కంపెనీకి ఏ వెన్నెల చూసి కవిత్వం పొంగిందో.

తెనాలిలో నేను కొన్న అర్ధరూపాయి పాటల పుస్తకం న్యూస్‌ప్రింటు మీద అచ్చయ్యేది. సిరా చేతికంటేది. కథ సగం చెప్పి ‘మిగతాది వెండితెరపై చూడండి’ అని ఊరించేది. అచ్చుతప్పులు బోలెడు. కానీ ప్రతి పాట పక్కనా రాసినవారి పేరు ఉండేది. ఆత్రేయ అనీ, ఆరుద్ర అనీ, వేటూరి అనీ నాకు తెలిసింది ఆ చవక కాగితం మీదే. అర్ధరూపాయి కాగితానికి చేతనైన మర్యాద కోట్ల రూపాయల యాప్‌కు చేతకాలేదంటే నమ్మమంటారా?

ఇది ఒట్టి మర్యాద గొడవ కూడా కాదు. కూటి గొడవ. 2012లో పార్లమెంటు కాపీరైట్ చట్టం సవరించింది. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో నిలబడి పోరాడారు. సినిమా హాల్లో ఆడినప్పుడు తప్ప, పాట ఇంకెక్కడ మోగినా రాసినవారికీ, స్వరం కట్టినవారికీ రాయల్టీలో సమాన వాటా. ఆ వాటా వద్దని సంతకం పెట్టించుకున్నా చెల్లదు. బ్రహ్మాండమైన చట్టం. అయితే పాట మోగిన ప్రతిసారీ డబ్బు ఎవరికి వెళ్ళాలో యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఆ మూడు చుక్కల వెనక ఉన్న పేరును బట్టి. పేరు తప్పైతే డబ్బూ దారి తప్పుతుంది. పేరే లేకపోతే? చట్టం దిల్లీలో భద్రంగా ఉంటుంది.

పేరున్న కవులకే ఇలా ఉంటే, పేరులేని పల్లెపాట సంగతి అడక్కండి. నాట్లేసే అమ్మ పాట పెద్ద సినిమాలోకి వస్తే ‘జానపదం’ అని ఒక ముద్ర పడుతుంది. జానపదం అంటే ఎవరిదీ కాదని వీళ్ళ అర్థం. 2021లో ‘లవ్ స్టోరీ’లో సారంగదరియా మోగినప్పుడు, ఈ పాటను ముందు వెలికితీసి పాడింది నేను అని ఒక జానపద గాయని టీవీల ముందుకొచ్చి గొంతెత్తాల్సి వచ్చింది. అడిగితే తప్ప అమ్మైనా పెట్టదంటారు. అడిగాక పెట్టేవాడు అమ్మ ఎలా అవుతాడు?

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారా? కవులే నోరెత్తడం లేదు, నీకెందుకు అంటారా? వాళ్ళు ఎలా ఎత్తుతారండీ, మూడో వరసలో కూర్చుని? మనమైనా తక్కువ తిన్నామా? ముప్పై సెకన్లలో వేలు జార్చేది మనమే. స్టెప్పుకు లైకు కొట్టేది మనమే. పాట పోయిందని కాఫీ తాగుతూ ఏడ్చేదీ మనమే.

నిన్న రాత్రి హెడ్‌ఫోన్లు పక్కన పెట్టేసి, అటక మీద నుంచి పాత ట్రాన్సిస్టరు దించి విజయవాడ స్టేషను పెట్టాను. గరగరలాడుతూ దొరికింది. పాటకు ముందు ఒక అమ్మాయి సినిమా పేరు చెప్పింది. సంగీతం ఎవరిదో చెప్పింది. పాడిందెవరో చెప్పింది. రాసిందెవరో చెప్పింది. మొత్తం కలిపి పది సెకన్లు పట్టింది.